కానుక అందిన మర్నాడు

2004 సెప్టెంబరు 13. అమెరికాలో ఓప్రా విన్‌ఫ్రే టెలివిజన్ షో పంతొమ్మిదో సీజన్ మొదలైన రోజు. ముందుగా 11 మంది టీచర్లను వేదిక మీదికి పిలిచి తలా ఒక పాంటియాక్ జీ6 కారు ఇచ్చారు. ఇంకొక్క కారు మిగిలిందనీ, దాని తాళం ప్రేక్షకులకు పంచిన డబ్బాల్లో ఏదో ఒకదాంట్లో ఉంటుందనీ ఓప్రా ప్రకటించారు. అందరూ ఒక్కసారే డబ్బాలు విప్పారు. ప్రతి డబ్బాలోనూ తాళం ఉంది! కేకలు, కన్నీళ్లు, కౌగిలింతలు. ఆ రోజు మొత్తం 276 కార్లు పంచారు. కొత్త కారు అవసరం చాలా ఉందంటూ బంధుమిత్రులు రాసిన ఉత్తరాలు చూసి పిలిపించిన ప్రేక్షకులు వాళ్లంతా.

ఆ కార్లకు ఓప్రా సొమ్ము ఖర్చు కాలేదు. అవి జనరల్ మోటార్స్ కంపెనీ తన కొత్త మోడల్ ప్రచారం కోసం ఇచ్చినవి. ఒక్కోదాని ఖరీదు సుమారు 28 వేల డాలర్లు. అమెరికా చట్టం ప్రకారం ఇలా బహుమతిగా వచ్చిన కారు కూడా ఆదాయం కిందికే వస్తుంది. అమ్మకం పన్ను, రిజిస్ట్రేషన్ ఖర్చులు కంపెనీ భరించింది. ఆదాయపు పన్ను మాత్రం తీసుకున్నవాళ్ల నెత్తిన పడింది. కొందరికి అది 7 వేల డాలర్ల దాకా తేలింది. చేతిలో డబ్బుంటే కట్టాలి, లేకపోతే కారు అమ్మి కట్టాలి, అదీ కుదరకపోతే కారు వదులుకోవాలి. కొత్త కారు కొనుక్కోలేరనే కదా వాళ్లను పిలిచింది!

ఇదే ఓప్రా 2007 జనవరిలో దక్షిణాఫ్రికాలో పేదింటి ఆడపిల్లల కోసం ఒక ఆవాస పాఠశాల తెరిచారు. నెల్సన్ మండేలాకు ఇచ్చిన మాట ప్రకారం సుమారు 4 కోట్ల డాలర్ల సొంత డబ్బుతో కట్టించారు. ఆ బడి నేటికీ నడుస్తోంది. కార్లు ఇచ్చిందీ, బడి కట్టించిందీ ఒక్క మనిషే. రెండు చోట్లా కెమెరాలున్నాయి. అయినా రెండూ ఒకటి కావని ఎవరికైనా తెలుస్తుంది. దాత మనసులో ఏముందో బయటివాళ్లు తేల్చలేరు. కానుక అందిన మర్నాటి నుంచి తీసుకున్నవాళ్ల బతుకు ఏమైందో మాత్రం లెక్క చూడవచ్చు. పెద్ద కంపెనీల, పేరున్నవాళ్ల దానాల చరిత్రను ఆ లెక్కన తిరగేస్తే ఎన్నో అపోహలు తొలగుతాయి.

ఉక్కు సామ్రాట్టు గ్రంథాలయాలు

ధనవంతుడు తన సంపదను బతికుండగానే సమాజానికి పంచెయ్యాలని అమెరికా ఉక్కు పారిశ్రామికవేత్త ఆండ్రూ కార్నెగీ 1889లోనే వ్యాసం రాశాడు. మూడేళ్లకే, 1892లో, పెన్సిల్వేనియాలోని హోమ్‌స్టెడ్‌లో ఆయన ఉక్కు కర్మాగారం యాజమాన్యం కార్మిక సంఘం మీద యుద్ధం ప్రకటించింది. జూలై 6న యాజమాన్యం రప్పించిన పింకర్టన్ అనే ప్రైవేటు భద్రతా సంస్థకు చెందిన 300 మంది సాయుధులకూ సమ్మె కార్మికులకూ మధ్య కాల్పులు జరిగాయి. రెండు వైపులా కలిపి కనీసం పదిమంది చనిపోయారు. అప్పుడు కార్నెగీ స్కాట్లాండ్‌లో ఉన్నాడు. సంఘం కూలిపోయింది, జీతాలు తగ్గాయి, రోజుకు 12 గంటల పని ఖాయమైంది.

1898లో ఆ కర్మాగారం పక్కనే ఆయన చక్కని గ్రంథాలయం కట్టించాడు. సంగీత మందిరం, ఈత కొలను కూడా అందులో ఉన్నాయి. పన్నెండు గంటలు కొలిమి దగ్గర ఒళ్లు కాల్చుకున్న మనిషి ఏ పూట వెళ్లి పుస్తకం తెరవాలి? ఈ ప్రశ్న కార్మికులకు బాగా గుర్తుండిపోయింది. 1904లో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ పట్టణంలో కార్నెగీ గ్రంథాలయం ప్రతిపాదన ఓటుకు వచ్చినప్పుడు, కార్మిక సంఘాలు ఊరంతా ప్రచారం చేసి దాన్ని ఓడించాయి.

అయితే లెక్కలో రెండో వైపు కూడా ఉంది. కార్నెగీ సొమ్ముతో ప్రపంచమంతటా 2,509 గ్రంథాలయాలు లేచాయి. సాధారణంగా ఆయన పెట్టిన షరతులు ఇవి: స్థలం ఊరు ఇవ్వాలి, తానిచ్చిన మొత్తంలో పదో వంతు ఏటా నిర్వహణకు ఊరే కేటాయించాలి. ఆ షరతుల వల్లనే అవి దాత దయ మీద ఆధారపడకుండా పౌరుల సొంత ఆస్తిగా నిలిచాయి. హోమ్‌స్టెడ్ నెత్తురును ఈ పుస్తకాలు కడిగెయ్యలేవు. ఆ నెత్తురు కారణంగా ఈ పుస్తకాలు చదువుకున్న తరాల మేలూ చెరిగిపోదు. రెండు పద్దులూ విడివిడిగానే ఉండాలి.

ఉచితంగా ఇచ్చిన పాలడబ్బా

ఉచితంగా ఇచ్చిందల్లా మేలు చేస్తుందనుకోవడం ఎంత ప్రమాదమో 1970 దశకం చూపించింది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల ప్రసూతి ఆస్పత్రుల్లో పాలపొడి కంపెనీలు బాలింతలకు డబ్బాలు ఊరికే పంచాయి. నర్సుల్లా దుస్తులు వేసుకున్న కంపెనీ ఉద్యోగినులు వార్డుల్లో తిరిగి, సీసా పాలు పట్టడం నేర్పేవారు.

ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజులూ బిడ్డ సీసాకు అలవాటు పడుతుంది. చనుబాలు పట్టకపోతే తల్లికి పాలు తగ్గిపోతాయి. ఇంటికి చేరేసరికి ఉచిత డబ్బా అయిపోతుంది. ఇక కొనక తప్పదు. కూలి డబ్బులు చాలక, నాలుగు చెంచాలు వేయాల్సిన చోట ఒక చెంచా వేసి నీళ్లు ఎక్కువ కలిపేవారు. ఆ నీళ్లు శుభ్రమైనవి కావు. పిల్లలు విరేచనాలతో, పోషకాహార లోపంతో చిక్కిపోయారు, చనిపోయారు.

బ్రిటన్‌లోని వార్ ఆన్ వాంట్ సంస్థ 1974లో దీనిపై నివేదిక ప్రచురించింది. 1977లో అమెరికాలో, ఆ పాలపొడి కంపెనీల్లో ఒకటైన నెస్లే ఉత్పత్తుల బహిష్కరణ ఉద్యమం మొదలైంది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ పాలపొడి ప్రచారంపై అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. వ్యతిరేకంగా ఓటు వేసిన దేశం అమెరికా ఒక్కటే. మన దేశం 1992లో చట్టమే చేసి, తల్లులకు పాలపొడి శాంపిళ్లు ఉచితంగా పంచడాన్ని నిషేధించింది. ఉచితం అనే మాట వెనక పసిపిల్లల ప్రాణాలు ఉన్నాయని పార్లమెంటు గుర్తించిందన్నమాట.

ఒక మాత్ర, ఒక మాట

దీనికి పూర్తిగా భిన్నమైన కథ 1987లో మొదలైంది. ఆఫ్రికా నదుల వెంట ఒక రకం నల్ల ఈగ కుట్టడం వల్ల వచ్చే నదీ అంధత్వం ఊళ్లకు ఊళ్లనే గుడ్డివాటిని చేసేది. సారవంతమైన నదీతీర భూములను జనం వదిలేసి పారిపోయేవారు. మెర్క్ కంపెనీ పశువుల కోసం తయారుచేసిన ఐవర్‌మెక్టిన్ మందు ఈ జబ్బుకూ పనిచేస్తుందని పరిశోధనలో తేలింది. కొనగలిగే రోగి లేడు, కొనిపెడతానన్న సర్కారు రాలేదు. అప్పుడు కంపెనీ అధిపతి రాయ్ వాగెలోస్ ఒక మాట ఇచ్చారు: ఎంత మందు కావాలంటే అంత, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు, ఉచితంగా ఇస్తాం.

పశువుల మందుగా ఐవర్‌మెక్టిన్ కంపెనీకి అప్పటికే బోలెడు లాభాలు తెచ్చింది. ఈ ప్రకటనతో పేరూ బాగా వచ్చింది. కానీ మాట తప్పలేదు. కొలంబియాలో జబ్బు మాయమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ధ్రువీకరించింది. ఆ తర్వాత ఈక్వెడార్, మెక్సికో, గ్వాటెమాలా అదే దారిలో నడిచాయి. 2025 జనవరిలో నైజర్ ఆ గుర్తింపు పొందిన తొలి ఆఫ్రికా దేశమైంది. ఐవర్‌మెక్టిన్‌కు దారితీసిన పరిశోధనకు విలియం క్యాంప్‌బెల్, సతోషీ ఒమురా 2015లో నోబెల్ అందుకున్నారు.

2016 అక్టోబరులో మరో మందుల దానం వార్తల్లోకి వచ్చింది. న్యుమోనియా టీకాలు పది లక్షల డోసులు ఉచితంగా ఇస్తామని ఫైజర్ ముందుకొస్తే, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ వద్దంది. దానం ఎప్పుడైనా ఆగిపోవచ్చు, దానికి షరతులుంటాయి, ధర తగ్గిస్తే అందరికీ అందుతుంది అన్నది వాళ్ల వాదన. నవంబరులో ఫైజర్ సహాయ సంస్థలకు ధర తగ్గించింది. ఆ తిరస్కారం వల్ల జరిగిన మేలు, స్వీకారం వల్ల జరిగి ఉండేది కాదు.

కెమెరా ముందు చూపు

కెమెరా ఉంటే దానం కాదనే వాదన కూడా నిలవదు. మిస్టర్ బీస్ట్‌గా పేరుపడ్డ అమెరికా యూట్యూబర్ జిమ్మీ డొనాల్డ్‌సన్ 2023 జనవరిలో వెయ్యిమందికి శుక్లాల ఆపరేషన్ల ఖర్చు భరించి, ఆ దృశ్యాలను వీడియోగా పెట్టాడు. పేదల కళ్లను ప్రదర్శనకు పెట్టాడని విమర్శలొచ్చాయి. ఆ విమర్శలో నిజముంది. కానీ వీడియో అయిపోయాక వాళ్ల చూపు పోలేదు, ఎవరికీ బిల్లు రాలేదు. ఆ చిన్న ఆపరేషన్ కోసం అంతమంది ఒక యూట్యూబర్ దయ కోసం ఎదురుచూడాల్సి రావడం సిగ్గుచేటు. ఆ సిగ్గు వాళ్లకు వైద్యం అందించలేని వ్యవస్థది.

మన గడప దగ్గర

ప్రచారానికీ దానానికీ ఉన్న తేడా తెలుగువారికి పాతకాలం నుంచే తెలుసు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచేవారు. అది వ్యాపారం. అలా వచ్చిన సంపదను ఆంధ్రపత్రికకు, ఆంధ్ర గ్రంథమాలకు, స్వాతంత్ర్యోద్యమానికి ధారపోసినందుకే జనం ఆయన్ను దేశోద్ధారకుడన్నారు, విశ్వదాత అన్నారు. ఉచిత డబ్బీలకు ఎవరూ బిరుదులివ్వలేదు.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ ఇంకో పాఠం చెబుతుంది. దాన్ని స్థాపించిన సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు, 2009 జనవరి 7న తన కంపెనీ ఖాతాలు తప్పుడివని ఒప్పుకుంటూ లేఖ రాశారు. వేల కోట్ల రూపాయలు కాగితాల మీదే ఉన్నాయని తేలింది. కంపెనీ కుదేలైంది. 108 ఆగలేదు. అప్పటికే నిర్వహణ వ్యయంలో అత్యధిక భాగం ప్రభుత్వం భరిస్తోంది. జనం దాన్ని తమ హక్కుగా చూస్తున్నారు. నిర్వహణ బాధ్యతను జీవీకే సంస్థ తీసుకుంది. దాత పేరు మాసిపోయినా ఆ సేవ నిలబడింది.

ప్రచారానికీ దానానికీ గీత గీయడం చట్టం వల్ల కూడా అవుతుంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. తమ ఉత్పత్తుల మార్కెటింగ్ లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌లు ఈ లెక్కలోకి రావని 2021 జనవరి నిబంధనలు తేల్చిచెప్పాయి. ఆ లెక్కన పాంటియాక్ కార్లు ప్రకటన ఖర్చు, దక్షిణాఫ్రికా బడి దానం. హాని చేయని వస్తువులను కంపెనీలు ఉచితంగా పంచడం తప్పేమీ కాదు, దానికి దానమని పేరు పెట్టుకుని చప్పట్లు అడగడమే తప్పు.

ఏ కంపెనీ ఏ రాష్ట్రంలో ఏ పనికి ఎంత ఖర్చు పెట్టిందో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. కంపెనీలు తమ పథకాలను సొంత వెబ్‌సైట్లలో కూడా పెట్టాలి. మీ జిల్లాలో కట్టించామని రాసిన మరుగుదొడ్డికి నీళ్లొస్తున్నాయా, ఇచ్చామని చెప్పిన నీటి శుద్ధి యంత్రం ఇంకా పనిచేస్తోందా, వెళ్లి చూడండి. పనిచేయకపోతే గ్రామసభలో అడగండి, కంపెనీకి రాయండి.