వాద్యబృందంలో వీణ

కర్ణాటక సంగీతం ప్రధానంగా ఒక్కరి కళ. గాయకుడో, వైణికుడో ముందు నడుస్తాడు. పక్కవాద్యాలు వెంట నడుస్తాయి. పాశ్చాత్యుల ఆర్కెస్ట్రాలో అనేక వాద్యాలు ముందుగా వ్రాసి ఉంచిన స్వరాలను ఒక్కసారిగా పలుకుతాయి. ఈ రెండింటికీ పొత్తు కుదురునా? ఈ ప్రశ్నకు బదులు వెదికినవారిలో ఇద్దరు మన గోదావరి సీమవారు కావడం మనకు సంతోషదాయకం.

1952లో ఢిల్లీలో ఆలిండియా రేడియో జాతీయ వాద్యబృందాన్ని నెలకొల్పినది. పండిత రవిశంకర్, టి. కె. జయరామయ్యర్ దానిని నడిపించినారు. పాత కృతులను పలు వాద్యాలకు పంచి కూర్చడం, కొత్త రచనలు చేయడం బృందం పని. చిక్కంతా గమకంతో వచ్చినది. తోడిలో గాంధారం ఒక్కచోట నిలువదు, ఊగుతుంది. ఆ ఊపును ఇరవైమంది ఒకే కొలతలో పలికించుట దుష్కరం. ఊపును తీసివేసితిమా, తోడియే మిగులదు.

ద్రాక్షారామంలో 1922లో జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారు ఈ చిక్కును బాగుగా ఎరిగినవారు. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారు వైణికులు. శంకరశాస్త్రిగారు మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, తరువాత రేడియోలో చేరి, ఢిల్లీ వాద్యబృందానికి కూడ సారథ్యం వహించినారు. ‘ఆదర్శ శిఖరారోహణం’, ‘భ్రమర విన్యాసం’ వారి రచనలు. పేర్లను బట్టియే అవి కీర్తనలు కావనీ, ఒక భావాన్ని నాదంలో చిత్రించే ప్రయత్నాలనీ తెలియును.

వారి శిష్యులు చిట్టిబాబుగారు 1936లో కాకినాడలో జన్మించినారు. వేదఘోషనూ, కోయిల కూతనూ వీణపై పలికించిన వారి నేర్పు ప్రసిద్ధం. ‘మ్యూజింగ్స్ ఆఫ్ ఎ మ్యుజీషియన్’ అను రికార్డులో వారు వీణను నడుమ నిలిపి, వాద్యబృందంతో స్వీయరచనలు వినిపించినారు. ఇటువంటి రచనలలో చిక్కుకు ఒక విడుపు కలదు: గమకభారం వీణదే, తక్కిన వాద్యాలు లయను, నిండుదనాన్ని సమకూర్చును. పాత రికార్డు ఒక వైపున మూడు నాలుగు నిమిషాలకే ముగిసేది. ఇరవై నిమిషాలు సాగే ఎల్.పి. రికార్డు వచ్చినందుననే ఇటువంటి రచనలకు చోటు దొరికినది.

ఇక్కడ మేము ఒక్క మాట మనవి చేయదలచినాము. కృతికి మరణభయం తక్కువ. గురువు కంఠం నుండి శిష్యుని కంఠానికి చేరును. వాద్యబృంద రచన అటువంటిది కాదు. వాయించినవారు చెదిరిపోయి, స్వరలిపి కాగితాలు జారిపోయినచో, పాడి నిలిపే కంఠం దానికి లేదు. శంకరశాస్త్రిగారు 1987లో, చిట్టిబాబుగారు 1996లో దివంగతులైనారు. వారు కూర్చిన ఈ సంగీతానికి రికార్డే తాళపత్రం. తాళపత్రాన్ని మన పెద్దలు ఏడాదికొకసారి దుమ్ము దులిపి, పసుపు రాసి కాపాడేవారు. మీ ఇంటి అటకపై ఇటువంటి రికార్డు ఉన్నచో దానిని దించి, శుభ్రపరచి, ఒక్కసారి వినండి. విన్న తరువాత నకలు తీయించి భద్రపరచండి.