మాసాయిల ఆహారమున నెత్తురు - ఉప్పు

నేటి కెన్యా, టాంజానియా దేశముల సరిహద్దునకు ఇరుప్రక్కల నివసించు మాసాయిలు పశుపాలకులు. పాలు, మాంసము, నెత్తురు వారి పూర్వాహారము. 1883-84లో ఆ సీమను సంచరించిన జోసెఫ్ థామ్సన్, 1885లో ప్రకటించిన యాత్రాగ్రంథమున, వీరు విడిగా ఉప్పు తినరనియు, శరీరమునకు వలసిన లవణములు త్రాగు నెత్తురునుండియే లభించుచున్నవనియు వ్రాసెను. నెత్తురు ఉప్పునకు బదులను ఈ నిర్ణయము ఎంతవరకు నిలుచునో పరిశీలింతము.

ఇది నిరాధారమైన ఊహ కాదు. ధాన్యములలోను శాకములలోను మిక్కుటముగా నుండు పొటాసియమ్ శరీరమందలి సోడియమ్‌ను మూత్రముద్వారా వెడలించుననియు, అందుచేతనే ధాన్యాహారులకు ఉప్పుపై వాంఛ యెక్కువయనియు శరీరశాస్త్రజ్ఞుడు గుస్టాఫ్ బుంగె 1873లో ప్రతిపాదించెను. పాలతోను మాంసముతోను జీవించువారికి ఆ వాంఛ అంతగా నుండదట. రోమను చరిత్రకారుడు సాలస్టు నుమిడియనులను గూర్చి చెప్పినదియు నిట్టిదే: పాలు, వేటమాంసము వారి భోజనము, ఉప్పును వారు కోరరు. అచట నెత్తురు ప్రసక్తియే లేదు. ఈ సంగతి గమనింపదగినది.

లెక్క చూతము. లీటరు ఆవునెత్తురులో సుమారు 5, 6 గ్రాముల ఉప్పునకు సరిపడు సోడియమ్ కలదు. లీటరు పాలలో సుమారు 1 గ్రామునకు సరిపడునది మాత్రమే. నెత్తురే మేలని తోచును. కాని పాలు నిత్యాహారము, నెత్తురు అప్పుడప్పుడు త్రాగునది. దినమునకు 3 లీటర్ల పాలు త్రాగువానికి, చెమట అతిగా పోనిచో, ఆ పాలలోని ఉప్పే చాలును. పాలలో నిజముగా లోపించినది ఇనుము. లీటరునకు 1 మిల్లీగ్రామైనను ఉండదు. లీటరు ఆవునెత్తురులో నది సుమారు 350 మిల్లీగ్రాములు. పైగా నెత్తురులోని ఇనుము ధాన్యములలోని దానికంటె సులభముగా ఒంట బట్టును. పాలలోని ఈ కొరతను ఎత్తిచూపినవారిలో బుంగెయు నొకడగుట విశేషము.

ఆచారమును చూచినను ఇదే తోచును. పశువును చంపరు. మెడకు తోలుపట్టీ బిగించి, ఉబ్బిన సిరను, లోతుగా దిగకుండ అడ్డుకట్టిన బాణముతో దగ్గరినుండి కొట్టి, కారు నెత్తురును సొరకాయబుర్రలో పట్టుదురు. తరువాత పట్టీ వదలి గాయమును మూయుదురు. పశువు మేతకు పోవును. దీనిని ప్రత్యేకముగా ఎవరికి ఇత్తురు? ప్రసవించిన స్త్రీకి, సున్నతి జరిగిన బాలునకు, రోగికి. మొదటి ఇరువురును రక్తము కోల్పోయినవారు. ఉప్పుకొరకే యైనచో ఈ యెంపికకు కారణము కనబడదు. మాసాయిలు ఇనుము నెరిగి చేసిరని మా వాదము కాదు. నెత్తురు పోయినవారికి నెత్తురే ఈయవలెనను భావము వారికి చాలియుండవచ్చును.

థామ్సన్ చూపు ఉప్పువైపు మరలుటకు కారణము లేకపోలేదు. ధాన్యము తినువారమైన మనకు ఉప్పులేని భోజనము భోజనమే కాదు. కావున ఇతరుల భోజనమున ముందుగా దానినే వెదకుదుము. తెలంగాణమున మేకనెత్తురుతో వండు 'నల్ల'లో సయితము ఉప్పు వేయకుండ వేయింపరు గదా!

ఇటీవలి కాలమున మొక్కజొన్నపిండి మాసాయిల దినభోజనమున ప్రవేశించినది. నెత్తురు త్రాగుట పెక్కుచోట్ల ఉత్సవములకు, పురిళ్లకు పరిమితమైనది.