దొంగలో దొర

తెలుగునేలకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఇంటిభాష నేటికిని నిలిచియున్నదన్నచో, అందులకు శాస్త్రగ్రంథములకంటె కథలే యెక్కువగా తోడ్పడినవి. అక్షరజ్ఞానము లేని అవ్వలు సయితము విక్రమార్కుని కథలను, కాశీమజిలీ కథలను కంఠస్థముగా చెప్పగలిగెడివారు. ఇపుడు ఆ భారము మన సంఘములు నడపు తెలుగు తరగతులపై పడినది. అందు ఏయే కథలు చెప్పవలయునను ప్రసక్తి వచ్చినపుడెల్ల కొందఱు తల్లిదండ్రులు ఒక ఆక్షేపణ తెచ్చుచున్నారు. రాముని కథ చెప్పుడు, హరిశ్చంద్రుని కథ చెప్పుడు, దొంగల కథలును జూదరుల కథలును మా బిడ్డలకేల అని వారి ప్రశ్న. బిడ్డల మేలు కోరి అడిగిన ప్రశ్నయే గనుక దానిని త్రోసిపుచ్చరాదు. అట్టి కథలు మన వాఙ్మయమున ఎట్లు ప్రవేశించెనో, ఏమి పని చేసెనో విచారించి సమాధానము చెప్పుట యుక్తము.

మన ఆలంకారికులు నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధములుగా విభజించిరి. కన్నము వేయువాడు ఈ నాలుగింటిలో దేనికిని చెందడు. వాడు ప్రతినాయకుడును కాడు. 1951లో మదరాసున నిర్మితమై వెలువడిన పాతాళభైరవి చిత్రములోని నేపాళ మాంత్రికుని తలచుకొందము. శ్రీ ఎస్.వి. రంగారావు ఆ పాత్రను ఎంత రక్తి కట్టించినను, ప్రేక్షకులు కోరినది మాంత్రికుని పతనమునే. మేము చెప్పబోవు దొంగల విషయము వేఱు. వారు చేయునది తప్పని యెఱిగియు, వారు పట్టుబడుదురేమోయని మనము భయపడుదుము. మహాకావ్యములందు ఇట్టివానికి చోటు దొరకుట అరుదు. చిన్నకథలలో, అందును భేతాళులును మాయావస్తువులును గల అద్భుతకథలలో వానికి చోటు దొరకినది.

ఈ కథలకు మూలపురుషుడు గుణాఢ్యుడు. ఆయన పైశాచీభాషలో రచించిన బృహత్కథ నష్టమైపోయినది. 11వ శతాబ్దమున కాశ్మీరమునందు సోమదేవుడు సూర్యవతీదేవి వినోదార్థము రచించిన కథాసరిత్సాగరములో దాని సారము మిగిలినది. భేతాళుని కథలును అందులోనివే. వానిలో ఒక కథ ఇట్లున్నది.

ఒక వర్తకుని కుమార్తె తనను ప్రేమించిన యువకునికి, వివాహమైన తరువాత ముందుగా నీయొద్దకు వచ్చెదనని మాట యిచ్చినది. పెండ్లిరాత్రి ఆ సంగతి భర్తకు చెప్పగా అతడు పొమ్మనెను. దారిలో ఒక దొంగ అడ్డగించెను. ఆమె ఒంటినిండ నగలు. తన మాట చెల్లించుకొని తిరిగి వచ్చెదనని ఆమె వేడగా, దొంగ నమ్మి విడిచెను. ఆ యువకుడు, నీవు పరభార్యవైతివి, మరలి పొమ్మనెను. ఆమె అన్నమాట తప్పక దొంగ యొద్దకు వచ్చినది. దొంగ ఒక్క నగయైనను ముట్టక, ఆమెను ఇంటిదాక సాగనంపెను. ఈ మువ్వురిలో నిజమైన త్యాగి యెవడని భేతాళుడు అడిగినాడు.

రాజు చెప్పిన తీర్పు దొంగ పక్షముననే యున్నది. మనసు వేఱొకచోట నున్న భార్యను భర్త విడుచుటలో గొప్ప లేదు. యువకునికి వెనుకటి ఆవేగము తగ్గినది, రాజదండన భయము కలిగినది. దొంగ మాత్రము చీకటిలో చరించువాడు, పరధనమే జీవనోపాధిగా గలవాడు, చూచువారెవరును లేరు. అయినను చేతికి వచ్చిన నగలను విడిచినాడు గనుక అతడే త్యాగి యని రాజు నిర్ణయము. మేము ఉద్యోగకాలమంతయు దస్త్రములతో గడిపినవారము. దస్త్రములో మనిషికి ఒక్క పేరే యుండును, వాది యనియో, ప్రతివాది యనియో, ముద్దాయి యనియో. ఆ పేరుతో మనిషి ముగియడని కథ చెప్పుచున్నది.

మఱియొక కథలో, కొఱత వేయబడిన దొంగ తనకై ప్రాణము విడువ వచ్చిన వర్తకుని కుమార్తెను గూర్చి విని, ముందు ఏడ్చి, తరువాత నవ్వును. తనను విడిపింప యత్నించిన ఆ వర్తకుని ఋణము తీర్చలేకపోతినని ఏడ్చెననియు, రాజులను సయితము కాదన్న కన్య తనవంటివానిని వరించెనే యని నవ్వెననియు రాజు సమాధానము. కృతజ్ఞత యెఱిగిన దొంగ వాడు.

ఈ సంప్రదాయమునకు పరాకాష్ఠ దండి దశకుమారచరితములోని అపహారవర్మ. ఇతడు చంపానగరమునకు వచ్చి, కామమంజరి యను వేశ్యచేత సర్వస్వము కోల్పోయిన ఒక వర్తకపుత్రుని చూచి, వాని ధనము వానికి ఇప్పించెదనని పూనుకొనును. ఆ నగరమున లోభులు మెండు. ధనము అశాశ్వతమని వారికి బోధపఱచుటకై చోరవృత్తి అవలంబించును. దండి అతని పరికరముల పట్టిక యిచ్చినాడు: కన్నము త్రవ్వు పనిముట్టు, పట్టుకారు, కొలనూలు, త్రాడు, కృత్రిమమైన మనిషి తల, దీపము లార్పుటకు పురుగులుంచిన భరిణె. అన్నిటికంటె చమత్కారమైనది తోలుసంచి. అది బంగారము నిచ్చు మాయాసంచి యని అతడు పుకారు పుట్టించును. అన్యాయార్జితమును సొంతదారునకు తిరిగి యిచ్చినవారికే అది ఫలించునని నియమము. దానికి ఆశపడి కామమంజరి, వర్తకపుత్రుని సొమ్ము తానే తిరిగి యిచ్చివేయును. సంచిలో మాయ లేదు, మాయ అంతయు లోభములోనే యున్నది. అట్లని దండి తన చోరుని దోషములను దాచలేదు. మద్యము మత్తులో రక్షకభటులపై బడి అపహారవర్మ చెఱసాల పాలగును.

ఈ గ్రంథమును 13వ శతాబ్దమున తెనిగించినవాడు మూలఘటిక కేతన. దానిని తిక్కనసోమయాజికి అంకితమిచ్చి అభినవదండి యని పేరొందెను. ఇచట ఒక విశేషము గమనింపదగినది. ఈ కేతనయే ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును, మితాక్షరను అనుసరించి విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్రమును తెలుగున రచించెను. దొంగకు దండనము విధించు శాస్త్రమును, దొంగను నాయకునిగా నిలిపిన కథను ఒక్క చేతియే వ్రాసినది. భారతమును తెనిగించిన మహాకవి ఆ కథను అంకితముగా స్వీకరించెను. ఈ రెండును పరస్పరవిరుద్ధములని వారు తలంపలేదు. శాస్త్రము చేసిన పనిని తూచును, కథ చేసిన మనిషిని తూచును. సమాజమునకు రెండు త్రాసులును కావలయును.

మన ప్రాంతముల వారికి ఈ కథలు తిరిగి దక్కుట చాలవఱకు మదరాసు చలువ. 1947 జూలైలో శ్రీ నాగిరెడ్డి, శ్రీ చక్రపాణిగార్లు అచట ఆరంభించిన చందమామ భేతాళకథలను ఇంటింటికి చేర్చినది. పాతకథలతో తృప్తిపడక అదే చట్రములో క్రొత్తకథలు అల్లించినది. శ్రీ కొడవటిగంటి కుటుంబరావుగారి సంపాదకత్వమున ఆ పత్రిక భాష ఎంత తేటగా నుండెడిదో పాఠకులెఱుగుదురు. ఆ పత్రిక ఇపుడు నిలిచిపోయినది. కావుననే తరగతులలో మనము చెప్పు కథకు విలువ పెరిగినది.

ఇక ఆక్షేపణకు సమాధానము. రాముని కథ బిడ్డలకు నడవడి నేర్పును. దానికి సాటి లేదు. కాని బిడ్డ పెరిగి లోకములోనికి పోయినపుడు ఎదురగువారు రాములును కారు, రావణులును కారు. తప్పు చేసినవానిలో మంచిని, మంచివాడనిపించుకొన్నవానిలో పిఱికితనమును గుర్తింపవలసి వచ్చును. ఆ వివేకమును అలవఱచునవి భేతాళుని కథలే. తెలిసియు చెప్పకున్న తల పగులునన్న నియమములో, తీర్పు చెప్పవలసినచోట మౌనము తగదను బోధ యున్నది.

కావున సంఘములవారికి మా మనవి యొక్కటే. ఈ కథలను తొలగింపవలదు. కథ చెప్పి, రాజు సమాధానమునకు ముందే నిలుపుడు. మువ్వురిలో త్యాగి యెవడో బిడ్డలను చెప్పనిండు. ఒకడు భర్త యనును, ఒకతె దొంగ యనును, వాదము పెరుగును. వల్లించిన పద్యము మఱచిపోవచ్చును గాని, పట్టుదలతో తెలుగున వాదించిన బిడ్డ తెలుగును మఱవడు.