గ్రంథపాతం: అమెరికా పోలీసులూ, 1871 చట్టమూ

2023 జనవరిలో సియాటిల్ నగరంలో రోడ్డు దాటుతున్న ఒక తెలుగు విద్యార్థిని పోలీసు కారు ఢీకొని మరణించింది. గంటకు 25 మైళ్లు మించరాని వీధిలో ఆ కారు 74 మైళ్ల వేగం అందుకున్నది. ఆ తర్వాత మరొక అధికారి ఆమె ప్రాణం ఖరీదు గురించి టెలిఫోనులో నవ్వుతూ మాట్లాడిన మాటలు అతని ఒంటిమీది కెమెరాలోనే రికార్డయినాయి. మా కళాశాలలో ఆ సంగతి చర్చకు వచ్చినప్పుడు ఒక విద్యార్థి నన్నడిగాడు: "పోలీసు మీద దావా వేసే హక్కు ఆ దేశంలో లేదా మాస్టారూ?"

ఆ కేసు దారి వేరు. కాని ప్రశ్న పెద్దది. హక్కు వున్నది. 1871 నుండీ వున్నది. అది చేతికందకుండా పోయిన వైనమే చెప్పుకోవలసిన చరిత్ర. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. న్యాయశాస్త్రం నా చదువు కాదు. అయినా ఈ చరిత్రలో నా వృత్తికి సంబంధించిన విషయమొకటి తగిలింది గనుక కలం పట్టాను.

అమెరికా దక్షిణాదిన పోలీసు వ్యవస్థకు గల మూలాల్లో ఒకటి బానిసల గస్తీ. దక్షిణ కరోలినాలో 1704 నాటికే దానికి చట్టముంది. బానిసల గుడిసెల్లో జొరబడటం, యజమాని చీటీ లేకుండా కనిపించినవాణ్ణి కొరడాతో కొట్టటం గస్తీవాళ్ల విధులు. అంతర్యుద్ధం ముగిసి 1865లో బానిసత్వం రద్దయింది. కాని భూస్వామి పోలేదు, అతని కొరడా పోలేదు. కు క్లక్స్ క్లాన్ ముఠాలు రాత్రిపూట స్వేచ్ఛ పొందిన నల్లవారిని చంపుతుంటే షెరీఫులు కొందరు చూస్తూ వూరుకున్నారు, కొందరు ముసుగులు తొడుక్కుని తామే వెళ్లారు. అప్పుడు, 1871 ఏప్రిల్‌లో, అమెరికన్ కాంగ్రెసు ఒక చట్టం చేసింది. రాష్ట్రాధికారం మాటున ఎవరి రాజ్యాంగ హక్కునైనా హరించిన 'ప్రతి వ్యక్తీ' బాధితునికి జవాబు చెప్పుకోవాలన్నది. అందులో పోలీసుకు మినహాయింపు లేదు.

1877లో ఉత్తరాది పెట్టుబడిదారులూ దక్షిణాది భూస్వాములూ రాజీపడ్డారు. సైన్యం వెనక్కి మళ్లింది. చట్టం పుస్తకంలో నిద్రపోయింది. ఇంచుమించు తొంభై ఏళ్లు!

దాన్ని లేపింది చికాగోలోని ఒక నల్ల కుటుంబం. 1958లో పదముగ్గురు పోలీసులు తెల్లవారుజామున వాళ్ల యింట్లో జొరబడి, భార్యాభర్తలను నగ్నంగా నిలబెట్టారు. 1961లో సుప్రీంకోర్టు, మన్రో కేసులో, ఈ చట్టం క్రింద దావా చెల్లుతుందని తీర్పు చెప్పింది. తలుపు తెరుచుకున్నది. తెరుచుకున్న ఆరేళ్లకే మూసుకోవటం మొదలైంది.

అదే 1961లో మిసిసిపీ రాష్ట్రపు జాక్సన్ బస్ స్టేషనులో నల్లవారూ తెల్లవారూ కలిసిన పదిహేనుమంది మతగురువులు తెల్లవారికి మాత్రమే కేటాయించిన గదిలో అడుగుపెట్టి అరెస్టయ్యారు. పోలీసుల మీద వాళ్లు వేసిన దావాలో, పియర్సన్ కేసులో, 1967లో తీర్పు వచ్చింది: పోలీసు సద్భావంతో అరెస్టు చేసివుంటే ఆ మాట చెప్పుకుని బయటపడవచ్చు. రాసినవాడు వారెన్, ఉదారవాదిగా పేరుపడ్డవాడు! ఈ మినహాయింపు చట్టంలో ఎక్కడున్నది? లేదు. పాత బ్రిటిష్ న్యాయ సంప్రదాయంలో వున్నది. కాంగ్రెసు దాన్ని రద్దుచేస్తున్నట్టు చెప్పలేదు గనుక వుంచినట్టేనని కోర్టు తర్కం. 'ప్రతి వ్యక్తీ' అంటే ప్రతి వ్యక్తే కదా అని డగ్లస్ ఒక్కడే న్యాయమూర్తుల మినహాయింపు విషయంలో విభేదించాడు.

1982లో నిక్సన్ సహాయకుల కేసులో సద్భావం మాట కూడా అక్కరలేకపోయింది. హక్కు అప్పటికే 'స్పష్టంగా స్థిరపడి' వుండాలట. అంటే దాదాపు అటువంటి కేసే మునుపు తేలివుండాలి. దీనినే క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అంటున్నారు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో పోలీసులు సోదాలో సుమారు 50,000 డాలర్లు పట్టుకున్నట్టు రాసుకున్నారు. నిజంగా పట్టుకుపోయింది 1,51,380 డాలర్ల నగదూ, 1,25,000 డాలర్ల విలువైన నాణేలూ అని సొంతదారుల ఆరోపణ. సోదాలో దొంగిలించటం రాజ్యాంగ విరుద్ధమని ఇంకా స్పష్టంగా స్థిరపడలేదన్నది 2019లో అప్పీలు కోర్టు! పోనీ, ఈ కేసుతో స్థిరపడుతుందా? అక్కరలేదు. హక్కు సంగతి తేల్చకుండానే కేసు కొట్టివేయవచ్చునని 2009లోనే సుప్రీంకోర్టు అనుమతించింది. పూర్వ తీర్పు లేదు గనుక తీర్పు లేదు. తీర్పు లేదు గనుక పూర్వ తీర్పు వుండదు.

ఇక నా వృత్తి సంగతి. తాళపత్ర ప్రతుల్లో లేఖకుడు వదిలేసిన భాగాన్ని గ్రంథపాతమంటాం. 1871 నాటి మూలంలో, రాష్ట్రపు ఏ చట్టమూ, ఏ ఆచారమూ, ఏ వాడుకా అడ్డురాదు అనే అర్థంలో ఇంగ్లీషున పదహారు మాటలున్నాయి. 1874లో చట్టాలన్నీ కలిపి ఒక్క సంపుటంగా కూర్చినప్పుడు ఆ మాటలు జారిపోయాయి. కాంగ్రెసు తీసెయ్యమన్న దాఖలా లేదు. కాంగ్రెసు మౌనం వహించిందన్న 1967 నాటి తర్కమంతా ఆ లోపం మీదనే నిలబడింది! అలెగ్జాండర్ రైనర్ట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 2023లో దీన్ని ఎత్తిచూపాడు.

అయితే, ఆ మాటలు వుండివుంటే కథ మారేదని నేను నమ్మను. 'ప్రతి వ్యక్తీ' అన్న మాటలు జారిపోలేదు కదా! వున్న మాటలను చదవనివారు పోయిన మాటలను చదివేవారా? గ్రంథపాతాన్ని పూరించటం పండితుల పని; దాన్నెవరు వాడుకున్నారో అడగటం మన పని. దావాలు వేస్తే పాపం, పోలీసు యిల్లు గుల్లవుతుందని సమర్థకులు వాపోతారు. జోఆనా ష్వార్ట్జ్ 2014లో ప్రచురించిన పరిశోధనలో తేలినదేమిటంటే, బాధితులకు ముట్టిన పరిహారంలో 99.98 శాతం చెల్లించింది ప్రభుత్వాలే. పోలీసు జేబు కదలలేదు.

2015 నుండి 2024 వరకు పోలీసు కాల్పుల్లో పోయినవారిని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక లెక్కకట్టింది. ఏటా సుమారు వెయ్యిమంది. జనాభా నిష్పత్తిలో తెల్లవారికి రెట్టింపుకు మించి నల్లవారు. సర్కారు సరిగా లెక్కపెట్టక, పత్రిక లెక్కపెట్టవలసి వచ్చింది. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడమీద పోలీసు మోకాలు తొమ్మిది నిమిషాల ఇరవైతొమ్మిది సెకన్లు వున్నది. జనం వీధుల్లోకి వచ్చిన తరువాతనే కొలరాడో రాష్ట్రం ఆ యేడే, న్యూ మెక్సికో 2021లో, తమ కోర్టుల్లో ఈ అడ్డు లేని దావాకు దారి తెరిచాయి. అమెరికా మొత్తానికి తేదలచిన బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గి, సెనేటులో ఆగిపోయింది.

2023లోనే టెక్సాస్ జైలు కేసు ఒకదానిలో న్యాయమూర్తి విల్లెట్ ఆ పదహారు మాటల ప్రస్తావన తెచ్చాడు. మూలపాఠాన్ని పట్టించుకోవాలన్నాడు, తేల్చవలసింది సుప్రీంకోర్టన్నాడు. ఆ కేసులో మాత్రం గాయపడిన ఖైదీకి కాక, జైలు అధికారులకే తీర్పిచ్చాడు.