బడి కమిటీ: సంతకానికే పరిమితమా? తల్లిదండ్రులు, వాలంటీర్లు ఏం చేయొచ్చు?

ఐదో తరగతి దాటి ఆరులోకి వచ్చిన పిల్లలకు ఒక్కసారిగా చాలా మారిపోతాయి. చాలామంది కొత్త బడికి వెళ్తారు. అన్నీ చెప్పే ఒక్క టీచర్ బదులు సబ్జెక్టుకో టీచర్ వస్తారు. లెక్కలు బరువెక్కుతాయి. కొందరు అమ్మాయిలకు నెలసరి మొదలవుతుంది, బడిలో మరుగుదొడ్డి సరిగా లేకపోతే ఆ రోజుల్లో ఇంటి దగ్గరే ఉండిపోతారు. వారానికి ఒక రోజు మానడం మూడు రోజులవుతుంది. చివరికి పేరు హాజరు పట్టీలో ఉంటుంది, బిడ్డ మాత్రం పనిలో ఉంటుంది.

ఈ జారుడును ముందుగా గుర్తించేది మొదట ఇల్లు, తర్వాత బడి, ఆ తర్వాత వీధి. ఈ మూడింటినీ ఒకచోట కూర్చోబెట్టడానికి చట్టం ఒక ఏర్పాటు చేసింది. అదే పాఠశాల యాజమాన్య కమిటీ, అంటే ఎస్‌ఎంసీ. పేరు చాలామంది విన్నారు. దానికి ఉన్న అధికారం మాత్రం కొందరికే తెలుసు.

కమిటీలో ఎవరుంటారు?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులన్నింటిలో కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే అయి ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బలహీన, అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగ్గ ప్రాతినిధ్యం ఇవ్వాలి.

తెలుగు రాష్ట్రాల్లో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకునే పద్ధతి ఉంది. ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనర్. ఛైర్మన్ తల్లిదండ్రుల్లోంచే వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో ఈ ఎన్నికలు జరిగాయి.

ఎయిడెడ్ బడుల్లోనూ కమిటీ ఉంటుంది. 2012 సవరణ తర్వాత అక్కడ దానిది సలహా పాత్ర మాత్రమే. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకు ఈ సెక్షన్ వర్తించదు.

కమిటీ ఏమేం అడగొచ్చు?

చట్టం అప్పగించిన ముఖ్యమైన పనులు మూడు. బడి ఎలా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి సిఫారసు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో గమనించడం. అంటే ఇవి అడిగే హక్కు ఉంది:

• టీచర్లు: 6 నుంచి 8 తరగతులకు సగటున 35 మంది పిల్లలకు ఒక టీచర్ ఉండాలి. సైన్స్-లెక్కలు, సాంఘిక శాస్త్రం, భాషలు చెప్పేవారు విడివిడిగా కనీసం ఒక్కొక్కరు ఉండాలి.

• పని దినాలు: ఈ తరగతులకు ఏడాదిలో కనీసం 220 రోజులు, 1,000 గంటల బోధన.

• వసతులు: అబ్బాయిలకు, అమ్మాయిలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, లైబ్రరీ, ఆటస్థలం.

• డబ్బు: సమగ్ర శిక్ష కింద పిల్లల సంఖ్యను బట్టి బడికి ఏటా గ్రాంటు వస్తుంది. 101 నుంచి 250 మంది ఉన్న బడికి రూ.50 వేల వరకు, 251 నుంచి వెయ్యి మంది ఉంటే రూ.75 వేల వరకు. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే వాడాలి. నీళ్లు రాని మరుగుదొడ్డి గురించి మాట్లాడేటప్పుడు ఈ 10 శాతం లెక్క అడగండి.

• భోజనం: 6-8 తరగతుల పిల్లలకు మధ్యాహ్న భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అందాలి. నాణ్యత, వంటగది శుభ్రత చూసే బాధ్యత 2015 నిబంధనల ప్రకారం కమిటీదే.

మరి ఎందుకు పనిచేయడం లేదు?

చాలాచోట్ల సమావేశం పని వేళల్లోనే పెడతారు. రోజు కూలీకి వెళ్లే తల్లి సమావేశానికి వస్తే ఆ రోజు కూలి పోతుంది. అందుకే రిజిస్టర్ ఇంటికి వస్తుంది, సంతకం అయిపోతుంది. ఇంకో కారణం బెరుకు. ‘మాకు చదువు రాదు, సార్‌ని ఏం అడుగుతాం?’ అనుకునేవారు ఎక్కువ. అన్నం ఉడికిందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా అని చూడటానికి చదువు అక్కర్లేదు.

ముందుగా మార్చాల్సింది సమయమే. సాయంత్రమో, ఆదివారమో పెట్టమని కమిటీయే తీర్మానించొచ్చు. మాట్లాడాల్సిన అంశాలను రెండు రోజుల ముందు తరగతి వాట్సాప్ గ్రూపులో తెలుగులో చదివి ఆడియోగా పంపితే చదవలేని వారికీ చేరతాయి. సంతకం పెట్టే ముందు తీర్మానాన్ని పైకి చదివించుకోవడం అలవాటు చేసుకోండి.

రాష్ట్రాలు ఏం చేశాయి?

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నింటిలో ఒకే రోజు తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిపారు. 2025 జులై 10న రెండోసారి పెట్టారు. తెలంగాణ 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను తెచ్చింది. మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతుల పనులు చేయించడం వీటి ఉద్దేశం.

ఏడాదికోసారి జరిగే పెద్ద సమావేశం తలుపు తెరుస్తుంది. అయితే వరుసగా మూడు రోజులు రాని పిల్లాడి గురించి తెలుసుకోవడానికి ఏడాది ఆగలేం. హాజరు, చదువు, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడటం చట్టం 24వ సెక్షన్ ప్రకారం టీచర్ విధి.

మా పిల్లలు అక్కడ చదవడం లేదు. సాయం చేయొచ్చా?

చేయొచ్చు. కేంద్ర విద్యాశాఖకు విద్యాంజలి అనే పోర్టల్ ఉంది. 2021 సెప్టెంబరులో దాన్ని కొత్త రూపంలో ప్రారంభించారు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు తమ అవసరాలు అందులో పెడతాయి. మీరు మొబైల్‌తో నమోదై సేవ రూపంలో గానీ, వస్తువుల రూపంలో గానీ సాయానికి ముందుకు రావచ్చు.

వెళ్లే ముందు మూడు మాటలు:

• బడికి ఏం కావాలో అడిగి ఇవ్వండి. కరెంటు సరిగా లేని గదికి కంప్యూటర్ ఇస్తే అది మూలన పడుతుంది.

• మాటిచ్చిన వారం తప్పకండి. నెలకు రెండు శనివారాలే అయినా ఏడాదంతా వెళ్లండి. వాలంటీర్ టీచర్‌కు తోడు మాత్రమే. ఖాళీ పోస్టు భర్తీ అడగడం మానకూడదు.

• పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండొద్దు. అనుమతి లేకుండా ఫొటోలు తీసి పోస్టు చేయొద్దు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కు ఫోన్ చేయొచ్చు.

పట్టించుకోకపోతే ఏం చేయాలి?

ముందు కమిటీలో తీర్మానం రాయించండి. అది మండల విద్యాధికారికి చేరేలా చూసి, అందినట్టు రశీదు తీసుకోండి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయొచ్చు. గ్రాంటు ఖర్చుల వివరాలకు సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఈ వారమే చేయగలిగిన పని ఒకటుంది. మీ పిల్లల బడికి, లేదా మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి పిల్లలు చదివే బడికి కమిటీ సభ్యులెవరో, తర్వాతి సమావేశం ఎప్పుడో కనుక్కోండి. ఆ సమావేశం ఆమె పని వేళల్లో ఉంటే, ఆ పూట జీతం కోయకుండా సెలవు ఇవ్వండి. బడికి మీరు చేసే మొదటి సాయం అదే కావచ్చు.