దిల్లీలో పాత క్యాంపర్ వ్యాన్‌ను బాగుచేయాలంటే: తుప్పు కంటే ముందు చూడవలసింది నమోదు తేదీ

ఒక పాత వ్యాన్ కొని, ఇంటిల్లిపాదీ కలిసి దాన్ని బాగుచేసుకుని, అందులోనే వండుకుని, పడుకుని ఊళ్లు తిరగాలన్న కోరిక కొత్తదేమీ కాదు. అయితే దిల్లీ, గురుగ్రామ్, ఫరీదాబాద్, నోయిడా, గాజియాబాద్‌లలో నివసించే కుటుంబం ఆ పని మొదలుపెట్టాలంటే మెకానిక్ కంటే ముందు వాహనం ఆర్‌సీని పరిశీలించాలి. అందులోని తొలి నమోదు తేదీయే ఆ వ్యాన్ భవిష్యత్తును చాలావరకు తేల్చేస్తుంది.

జాతీయ రాజధాని ప్రాంతంలో పెట్రోలు వాహనానికి 15 ఏళ్లు, డీజిల్ వాహనానికి 10 ఏళ్లు వయోపరిమితి. చట్టం దృష్టిలో ‘వింటేజ్’ వాహనం కావాలంటే 50 ఏళ్లు నిండాలి. ఈ రెండు అంకెల మధ్య చిక్కుకున్న వ్యాన్‌ను ఎంత శ్రద్ధగా తీర్చిదిద్దినా, దిల్లీ రోడ్డు మీద దానికి చోటు దొరకడం కష్టం.

క్యాంపర్లు ఇక్కడ ఎందుకు అరుదు?

క్యాంపర్ వ్యాన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2. డచ్ వ్యాపారి బెన్ పాన్ 1947లో నోటు పుస్తకంలో గీసిన ఒక చిన్న బొమ్మ దానికి మూలం. 1950లో జర్మనీలో ఉత్పత్తి మొదలైంది. బ్రెజిల్‌లో చివరి కోంబీ 2013లో తయారైంది. వెస్ట్‌ఫాలియా సంస్థ 1951లో ఈ వ్యాన్ కోసం ‘క్యాంపింగ్ బాక్స్’ను తెచ్చింది. పడక, అల్మారా వంటి ఆ సామగ్రిని వారం రోజులూ తీసి పక్కన పెట్టి వ్యాన్‌ను పనికి వాడుకోవచ్చు, సెలవు రోజున మళ్లీ అమర్చుకోవచ్చు. ఈ సంగతి దిల్లీ కుటుంబాలకు నేటికీ పనికొస్తుంది. ఎందుకో కింద చూద్దాం.

1960లు, 70లలో యూరప్ నుంచి ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, లాహోర్ మీదుగా ఇలాంటి వ్యాన్లు దిల్లీకి, అక్కడి నుంచి కాఠ్‌మాండూకు సాగిపోయేవి. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనల ప్రవేశం ఆ దారిని మూసేశాయి. వచ్చిన వ్యాన్లలో ఇక్కడ మిగిలినవి తక్కువే. పర్యాటకులు తమ వాహనాలను సుంకం చెల్లించకుండా, తిరిగి తీసుకెళ్తామన్న హామీ పత్రంతో తెచ్చేవారు. కాబట్టి ఎక్కడైనా గోదాములో అలాంటి వ్యాన్ కనిపిస్తే, ధర అడిగే ముందు కస్టమ్స్ కాగితాలు అడగడం మేలు. కాగితం లేని వ్యాన్ ఎంత అందంగా ఉన్నా అది విడిభాగాల కుప్ప మాత్రమే.

మన దేశంలో తయారైన వాటిలో క్యాంపర్‌గా మార్చుకోవడానికి అనువైనది బజాజ్ టెంపో మెటడార్. జర్మన్ హానోమాగ్ నమూనా ఆధారంగా ఈ వ్యాన్‌ను తయారుచేసిన సంస్థ నేడు ఫోర్స్ మోటార్స్. పాఠశాల బండిగా, అంబులెన్సుగా, పెళ్లి బృందాల వాహనంగా మెటడార్‌ను ఎరగని తెలుగు ఊరు ఉండదేమో. కానీ మెటడార్లలో అత్యధికం డీజిల్ బండ్లు, పైగా చాలావరకు 50 ఏళ్ల లోపువి. అంటే దిల్లీలో పాత వ్యాన్‌పై మోజుపడే సగటు కుటుంబానికి అందుబాటులో ఉండేవే చట్టపరంగా అత్యంత బలహీనమైనవి.

15కూ 50కీ మధ్య

జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014 నవంబరులో 15 ఏళ్లు దాటిన వాహనాలపై, 2015 ఏప్రిల్‌లో 10 ఏళ్లు దాటిన డీజిల్ వాహనాలపై ఆంక్షలు విధించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా వాటిని అమలు చేయాలని ఆదేశించింది. 2025 జులై 1 నుంచి దిల్లీ బంకుల్లో ఈ వాహనాలకు ఇంధనం పోయరాదన్న నిబంధన మొదలై, ప్రజాగ్రహంతో కొద్ది రోజులకే వాయిదా పడింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, కేవలం వయసు కారణంగా యజమానులపై కఠిన చర్యలు తీసుకోవద్దని చెప్పింది. డిసెంబరు 17న ఆ ఉత్తర్వును సవరిస్తూ, రక్షణ బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితమని స్పష్టం చేసింది. రాజధాని ప్రాంతంలో బీఎస్-4 అమల్లోకి వచ్చింది 2010లో. అందువల్ల ఏ పాత క్యాంపర్‌కూ ఈ రక్షణ దక్కదు.

ఇక 50 ఏళ్లు నిండిన వాటి సంగతి. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ వాహనాల నమోదుకు నియమాలు తెచ్చింది. ద్విచక్ర వాహనాలు, డ్రైవరు కాక ఎనిమిది సీట్లకు మించని ప్రయాణికుల నాలుగు చక్రాల వాహనాలు దీనికి అర్హమైనవి. కొత్త నమోదుకు రుసుము రూ.20,000. అది పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత పునరుద్ధరణకు రూ.5,000. నంబరు ప్లేటుపై రాష్ట్ర సంకేతం పక్కన ‘వీఏ’ అన్న అక్షరాలు ఉంటాయి. 2026లో లెక్క వేస్తే, 1976కు ముందు తొలిసారి నమోదైన వ్యాన్లకే ఈ అవకాశం.

ఇందులో కుటుంబాలను నిరాశపరిచే అంశాలు రెండున్నాయి. మొదటిది, వింటేజ్ వాహనాన్ని ప్రదర్శనలకు, సాంకేతిక పరిశోధనకు, ర్యాలీలకు, ఇంధనం నింపుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కించాలి. రోజువారీ వాడకానికి గానీ వ్యాపారానికి గానీ అనుమతి లేదు. వేసవి సెలవుల్లో పిల్లలతో ముసోరీ వెళ్లి వ్యాన్‌లో బస చేయడం ఈ జాబితాలో లేదు. రెండోది, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేకుండా వాహనం మూలరూపంలో ఉండాలి. పైకప్పు కోసి ఎత్తు పెంచితే ఆ అర్హతే ప్రమాదంలో పడుతుంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కూడా తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని యజమాని తన ఇష్టానుసారం మార్చడాన్ని అనుమతించదు. అందుకే 1951 నాటి క్యాంపింగ్ బాక్స్ ఆలోచన నేటికీ సురక్షితం: పడక, అర, వంట బల్ల అన్నీ బోల్టులతో బిగించి, అవసరమైతే విప్పేసేలా ఉండాలి. సరకుల బండిగా నమోదైన వ్యాన్‌కు వింటేజ్ అర్హత లేదన్నది కొనేముందు గుర్తుంచుకోవలసిన మరో విషయం.

జర్మనీలో 30 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న వాహనానికి ‘హెచ్’ ప్లేటు ఇస్తారు. నగరాల పర్యావరణ మండలాల్లోకి దానికి అనుమతి ఉంటుంది. అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య ఫివా కూడా 30 ఏళ్లనే ప్రమాణంగా తీసుకుంటుంది. దిల్లీ గాలి నాణ్యత దృష్ట్యా ఆంక్షలు అర్థం చేసుకోదగినవే. కానీ ఏడాదికి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగే బండినీ, రోజూ నగరాన్ని చుట్టే బండినీ ఒకే గాట కట్టడం వల్ల 1980ల నాటి భారతీయ వ్యాన్లు మ్యూజియానికి చేరకముందే మాయాపురి తుక్కు బజారుకు చేరుతున్నాయి.

ఎన్‌ఓసీ తీసుకుని వాహనాన్ని రాజధాని ప్రాంతం వెలుపలికి తరలించడం మరో దారి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 15 ఏళ్లు దాటిన సొంత వాహనానికి తనిఖీ చేయించి, ఐదేళ్ల చొప్పున నమోదు పునరుద్ధరించుకోవచ్చు. దిల్లీలో ఉద్యోగం చేసే తెలుగు కుటుంబానికి స్వగ్రామంలో ఒక షెడ్డు ఉంటే, వ్యాన్‌ను అక్కడే ఉంచి సెలవుల్లో పని చేసుకోవడం ఆచరణసాధ్యమైన మార్గం.

షెడ్డులో పని

టింకరింగ్ పనిలో మొదట చూడవలసింది తలుపుల కింది అంచులు, చక్రాల పైభాగం, అద్దాల రబ్బరు కింద దాగిన తుప్పు. పుట్టీ పూసి రంగు వేసిన తుప్పు రెండో వానాకాలానికి బయటపడుతుంది. చిన్న అయస్కాంతాన్ని బట్టలో చుట్టి బాడీ మీద నడిపిస్తే, అది అతుక్కోని చోట ఇనుము బదులు పుట్టీ ఉందని తెలిసిపోతుంది. పిల్లలకు అప్పగించదగిన తొలి పని ఇదే. విప్పిన ప్రతి బోల్టునూ సంచిలో వేసి, చీటీ రాసి, ఫొటో తీయడం రెండోది.

పాత రంగును గీకే పనికి మాత్రం పిల్లలను దూరంగా ఉంచాలి. అందులో సీసం ఉండవచ్చు. పాత బ్రేకు లైనింగుల ధూళిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి దాన్ని గాలితో ఊదకుండా తడిబట్టతో తుడవాలి.

ఫోక్స్‌వ్యాగన్ ఇంజిన్ వెనక ఉంటుంది. రేడియేటరు ఉండదు, గాలితోనే చల్లబడుతుంది. 45 డిగ్రీల దిల్లీ ఎండలో దీనికి ప్రాణాధారం ఫ్యాన్ బెల్టు, ఇంజిన్ చుట్టూ ఉండే రేకులు, వాటి రబ్బరు సీళ్లు. అనవసరమని ఎవరైనా ఆ రేకులు తీసేస్తే ఇంజిన్ వేడెక్కి పాడవుతుంది. దాదాపు రెండున్నర లీటర్ల ఆయిలే పట్టే ఈ ఇంజిన్‌లో దాన్ని తరచూ మార్చాలి, వాల్వుల సందు సరిచూడాలి. అన్నిటికంటే ముఖ్యం పెట్రోలు గొట్టాలు. నేడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది. వెనక వేడి ఇంజిన్ మీద పెట్రోలు చుక్క పడితే వ్యాన్ కాలిపోతుంది. ఇథనాల్‌ను తట్టుకునే కొత్త గొట్టాలు, బిగింపు క్లిప్పులు, చేతికందే చోట మంటలార్పే సిలిండర్ లేకుండా మొదటిసారి ఇంజిన్ స్టార్ట్ చేయరాదు.

విడిభాగాల కోసం కశ్మీరీ గేటు బజారు తిరగడం, అసలు రూపం ఎలా ఉండేదో అంచనా కోసం గురుగ్రామ్‌కు సమీపంలోని తావ్‌డూ హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం చూడటం, 1964 నుంచి దిల్లీలో జరుగుతున్న స్టేట్స్‌మన్ ర్యాలీలో ఇతర యజమానులతో మాట్లాడటం సగం శిక్షణతో సమానం.

దిల్లీలో క్యాంపింగ్‌కు చలికాలం అనువైనది. కాలుష్యం తీవ్రమై గ్రాప్ మూడో దశ అమలైతే బీఎస్-3 పెట్రోలు, బీఎస్-4 డీజిల్ కార్లను నిలిపేసేదీ ఆ కాలంలోనే. కాబట్టి ఆ నెలల్లో వ్యాన్‌ను షెడ్డులోనే ఉంచి, బ్యాటరీ వైరు విప్పి, ట్యాంకులో పాతబడిన పెట్రోలు తీసేసి, ఎలుకలు దూరే సందులు మూసి, లోపలి చెక్కపని పూర్తి చేసుకోవడం ఉత్తమం.