చెఱువుకట్ట రక్షణమును దశబంధమును

కడపమండలమందలి పోరుమామిళ్ల శాసనము చెఱువుల చరిత్రమునకు మిక్కిలి ముఖ్యమైన యాధారము. శా. శ. 1291 (క్రీ. శ. 1369) నాఁటి యీ సంస్కృతశాసనము బుక్కరాయల కుమారుఁడగు భాస్కర భవదూరుఁడు అనంతరాజసాగరమను తటాకమును నిర్మించిన వృత్తాంతమును దెలుపుచున్నది. వేయిమంది కూలివాండ్రును నూఱు బండ్లును రెండు సంవత్సరములు పనిచేసినట్లందుఁ గలదు. తటాకమునకుఁ గావలసిన పండ్రెండు సాధనములును, దానికిఁ గలుగు నాఱు దోషములును అందుఁ బరిగణింపఁబడినవి. ఆ దోషములలో మొదటిది కట్టనుండి నీరూరుట.

దీనిని మొదటఁ జెప్పుట యుచితమే. మట్టికట్టలోఁ గొంత యూట సహజము. వచ్చెడి నీరు తేటగా నుండి, హెచ్చక నిలుకడగా నున్నంతవఱకు భయము తక్కువ. నీరు మట్టిరంగు దాల్చెనేని కట్టలోపలి మన్ను కొట్టుకొనిపోవుచున్నదని గ్రహింపవలెను. అదియే బుంగయై, పిదప గండి యగును. పందికొక్కుల బొరియలు, ఎండ్రకాయల కలుగులు, కట్టపైఁ బెరిగి చచ్చిన చెట్లవేళ్లు కుళ్లిన త్రోవలు నీటికి దారి చూపును. తూముచుట్టును మన్ను గట్టిపడకున్నను ఇదే యపాయము. అలుగురాళ్ల నడుమ మన్నును గడ్డిని గూరి యెక్కువనీరు నిలుపు నాచారము గలదు. వానకాలపుఁ దుదినైనచో నది లాభము. ముందే చేసినచో వఱద కట్టమీఁదుగాఁ బొరలి కట్టను దెంచును.

పోరుమామిళ్ల చెఱువునకు రాజపుత్రుఁ డాధారమయ్యెను. చిన్నయూళ్ల చెఱువులను గనిపెట్టుటకుఁ బూర్వు లేర్పఱచిన విధానములలో దశబంధ మొకటి. సొంతధనముతోఁ జెఱువు గట్టించినవానికిఁ గాని, తెగినదానిని బాగుచేయించినవానికిఁ గాని ఆయకట్టులోఁ గొంతభూమియో, శిస్తులో భాగమో యిచ్చెడివారు. పేరునుబట్టి యది పదియవవంతు. తరువాతి రెవెన్యూ వ్యవహారమున, వేఱుగా నేర్పఱచిన భూమికి ఖండదశబంధమనియు, ఆయకట్టు మొత్తపు శిస్తులోఁ దగ్గించి యిచ్చినదానికి షామిలాతు దశబంధమనియుఁ బేళ్లు గలవు.

దీనిని దానముగా మాత్రమే తలఁచుట పొరపాటు. చెఱువును మంచిస్థితిలో నుంచుట దీనికి నిబంధన. చెఱువు నిండినఁ గాని ఆయకట్టు పండదు. ఆయకట్టు పండినఁ గాని దశబంధదారునకు ఫలము లేదు. కట్ట తెగినచో నష్ట మాతని గడపనుగూడఁ ద్రొక్కును. కావున వానకు ముందు కట్టపైఁ దిరుగుటయు, బొరియలు పూడ్చుటయు, మొక్కలు పెఱికించుటయు నాతనికి స్వకార్యములయ్యెను.

ఈ యేర్పాటునకు లోపమును లేకపోలేదు. వారసులు పంచుకొన్నపుడు ఫలమును సులభముగాఁ బంచుకొందురు. పూడిక తీయించు పని యొకరిపై నొకరు ద్రోయుదురు. చెన్నరాజధానిలో 1858లోఁ బుట్టిన నిర్బంధశ్రమ చట్టము, కట్టలు తెగు నపాయము గలిగినపుడు గ్రామస్థులచేఁ బని చేయించు నధికారమును సర్కారువారి కిచ్చెను. ఆచారము తనంతఁ దాను జాలకుండెననుటకు నిది నిదర్శనము. 1948 నాఁటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారుల చెఱువులు ప్రభుత్వపరమయ్యెను. స్వామిత్వము మాఱినను బుంగలు పడు రీతి మాఱలేదు. వానిని సకాలమునఁ జూచువాఁ డెవఁడను ప్రశ్నయు మిగిలినది.

చెఱువు శాసనములను బరిశీలించువారు సాధారణముగాఁ గట్టించినవాని వంశమును, తిథివారములను నిర్ణయించి విరమింతురు. ఆ కట్టను దరువాత నెవరు కాచిరో, వారి కేభూమినుండి గ్రాస మొదవెనో యనునదియు నంతే శ్రద్ధతో వెదకఁదగినది. చెఱు వెన్ని తరములు నిలిచెనో దెలియుట కదియే మార్గము.